ఎనిమిది వందల అడుగుల్లో గ్రామసింహం

నా చిన్నతనంలో మా వినుకొండలో కుక్కను 'ఎంచుకోవడం' అనే మాట నేను వినలేదు. కుక్కే మమ్మల్ని ఎంచుకొనేది. ఏ వానాకాలపు రాత్రో వసారాలోకి వచ్చి ముడుచుకొని పడుకొనేది. తెల్లవారగానే మా అమ్మ చీపురు ఎత్తేది. అది నాలుగడుగులు వెనక్కి వేసి, తోక వూపి, మళ్ళీ వచ్చి కూర్చొనేది. మూడోనాటికి రాత్రి మిగిలిన మజ్జిగన్నం దాని పేర చెల్లేది. వారం తిరిగేసరికి వీధికంతటికీ అదే కాపలా. దాని జాతి ఏమిటని గాని, తల్లిదండ్రు లెవరని గాని అడిగినవారు లేరు. కుక్కకు 'గ్రామసింహం' అనే పర్యాయపదం ఎందుకు వచ్చిందో నాకు ఎం.ఏ.లో ఏ గురువుగారూ వివరించనక్కర లేకపోయింది.

అటువంటి నన్ను పట్టుకొని మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు, "మామయ్యా, ఫ్లాట్‌లో పెంచుకోవడానికి ఏ జాతి కుక్క మంచిది?" అని అడిగాడు. వాడు ఏడో తరగతి. వాళ్ళ కాపురం హైదరాబాదులో, కూకట్‌పల్లి వైపు, నాలుగో అంతస్తులో. రెండు పడకగదులు, ఒక హాలు, బట్టలారేసుకొనే బాల్కనీ - అంతా కలిపి ఎనిమిది వందల పైచిలుకు అడుగులు. చెల్లెలూ, బావా ఇద్దరూ వుద్యోగస్థులే. ఉదయం ఎనిమిదిన్నరకు తాళం వేస్తే, పిల్లవాడు బడినుంచి వచ్చి నాలుగున్నరకు తీస్తాడు. చెల్లెలి అత్తగారు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు నరసరావుపేటలో పెద్దకొడుకు దగ్గర.

ఇంట్లో అప్పటికే పక్షాలు ఏర్పడి వున్నాయి. పిల్లవాడిది హస్కీ పక్షం, నీలికళ్ళు వుంటాయట. బావకు లాబ్రడార్ కావాలి. మా చెల్లెలు, "అసలు వద్దు, తప్పదంటే చిన్నది" అంటుంది. అత్తగారు ఏమీ అనరు గాని, కుక్క ప్రసంగం వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకొంటారు.

"నువ్వు చెప్పు అన్నయ్యా, నీకు అనుభవం వుంది కదా" అంది చెల్లెలు. అనేసి, వెంటనే నాలుక కరుచుకొంది. నా అనుభవం ఏమిటో దానికి తెలుసు.

ఆ సంగతే ముందు చెబుతాను. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటన టెలివిజన్‌లో వచ్చేది. చిన్న పిల్లవాడు ఎక్కడికి పోతే అక్కడికి ఒక పొట్టి కుక్క వెంట పోతుంది. ముడతలు పడిన ముఖం, గుండ్రటి కళ్ళు, అప్పచ్చిలాగా అణిగిపోయిన మూతి. దాని పేరు పగ్ అని దేశమంతా నేర్చుకొన్నది ఆ ప్రకటనతోనే. ఆ మోజు మా వూరిదాకా రావడానికి కొన్నేళ్ళు పట్టింది. 2010లో, మా అమ్మాయికి నాలుగేళ్ళ వయసులో, గుంటూరు నుంచి ఒకదాన్ని కొనుక్కు వచ్చాను. ఎదుటివాళ్ళకు చెప్పుకోవడానికి సిగ్గుపడేంత ధర పెట్టాను. బుజ్జి అని పేరు పెట్టుకొన్నాం. అది గురక పెట్టేది. పడుకొన్నా గురకే, అన్నం తిన్నా గురకే. "అచ్చం తాతయ్యలాగే!" అని మా అమ్మాయి చప్పట్లు కొట్టేది. మేము నవ్వేవాళ్ళం.

మా పల్నాటి ఎండలు మీకు తెలియనివి కావు. రెంటచింతల పేరు వేసవిలో పత్రికల్లో చూడనివారెవరు? మాకు అదనంగా వూరి నెత్తిన కొండ. పగలంతా తాగిన ఎండను సాయంత్రం పూట నెమ్మదిగా వదులుతుంది. మరుసటి సంవత్సరం మే నెలలో ఒకనాడు, ఇంట్లో కరెంటు లేదు, ఎండ చల్లబడిందిలే అనుకొని అయిదున్నరకు దాన్ని షికారు తీసుకువెళ్ళాను. సిమెంటు రోడ్డు ఇంకా కాలుతూనే వుంది. నా కాళ్ళకు చెప్పులున్నాయి కనుక నాకు తెలియలేదు. రెండు వీధులు దాటేసరికి దాని గురక హెచ్చింది. మూడో వీధిలో కూలబడింది. నాలుక వూదారంగుకు తిరిగింది. ఇంటికి ఎత్తుకువచ్చి, తడి తువ్వాలు చుట్టి, ఆటోలో పశువైద్యశాలకు తీసుకుపోయాం. దారిలోనే అయిపోయింది. మా అమ్మాయి నా పక్కనే కూర్చొని వుంది.

డాక్టరుగారు పెద్దాయన. నన్ను మందలించలేదు. "మాస్టారూ, కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదండీ. అరికాళ్ళలో కాస్త పడుతుంది, అంతే. ముక్కుతో, నాలుకతో తేమ ఆరబెట్టుకొని వేడి దించుకోవాలి. దీనికి ముక్కు లేదు కదండీ" అన్నారు.

ఆ మాట నేటికీ నా చెవిలో వుంది. వేల ఏళ్ళ వెనుక తోడేలు మూతి ఎంత పొడవో మనకు తెలుసు. మనిషి తన ముచ్చటకోసం తరతరాలుగా పొట్టి మూతి వాటికే జత కట్టి పుర్రె ఎముకను కుదించాడు గాని, లోపలి మెత్తటి కండ కుదించుకుపోలేదు. అంగుడి మాంసం గొంతుకు అడ్డంపడుతుంది. ముక్కు రంధ్రాలు చీలికల్లా వుంటాయి. మేము ముద్దుగా నవ్వుకొన్న ఆ గురక, గాలికోసం అది నిత్యం పడుతున్న పాట్లు. కుక్క మామూలు ఒంటివేడి ఫారన్‌హీట్‌లో 101, 102 డిగ్రీలు, అంటే 39 సెంటిగ్రేడు లోపు. బయట 44 వున్నప్పుడు గాలే దానికంటె వేడి. వగర్చడం తప్ప వేరే దారి లేదు. ఆ దారే మూసి వుంది. నెదర్లాండ్స్‌లో 2019 నుంచి మరీ పొట్టి మూతి కుక్కల పెంపకం మీద గట్టి ఆంక్షలు పెట్టారు. చల్లని దేశంలోనే అంత జాగ్రత్త అవసరమైతే మనకు ఎంత కావాలి? ఇంకొక మాట - ఎవరికైనా పనికివస్తుందేమోనని. వడదెబ్బ తగిలిన కుక్కకు తడిగుడ్డ చుట్టకూడదు, వేడి లోపలే నిలిచిపోతుంది. వెంటనే ఒళ్ళంతా నీళ్ళు పోసి, గాలి తగలనిచ్చి, అప్పుడు డాక్టరు దగ్గరకు బయలుదేరాలి. నేను చేసింది దానికి తిరకాసు.

కనుక మేనల్లుడి ప్రశ్నకు వేళాకోళంగా జవాబు చెప్పే హక్కు నాకు లేదు. పండుగ మూడు రోజులూ మా పంచలో కూర్చొని వాడూ నేనూ ఒక్కొక్క జాతినీ విచారణకు పిలిచాం.

హస్కీ ముందు వచ్చింది. సైబీరియా కుక్క. మంచు మీద బండి లాగడం దాని కులవృత్తి. 1925లో అలాస్కాలోని నోమ్ అనే వూళ్ళో పిల్లలకు డిఫ్తీరియా పట్టుకొంటే, ఇరవైమంది బండివాళ్ళు ఒకరి చేతినుంచి ఒకరు మందుపెట్టె అందుకొంటూ, సుమారు వెయ్యిన్నర పైచిలుకు ఫర్లాంగులు కాదు, వెయ్యి కిలోమీటర్లకు పైగా, అయిదున్నర రోజుల్లో చేరవేశారు. ఆ బండ్లను లాగినవి ఇటువంటి కుక్కలే. ఈ కథ విని వాడి కళ్ళు వెలిగాయి. "మరి అటువంటి వీరుణ్ణి మీ హాలులో సోఫాకూ టీవీకీ మధ్య వుంచితే ఏం చేస్తాడురా?" అన్నాను. పైగా దానికి రెండు వరసల బొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గదిలో బంధించి వుంచాలి. వాడు కాసేపు ఆలోచించి, "సోఫా చింపేస్తాడు" అన్నాడు. హస్కీ పక్షం అంతటితో వీగిపోయింది.

లాబ్రడార్ విషయంలో బావతో వాదించడం కష్టమైంది. నిజానికి దాని స్వభావానికి వంక పెట్టలేం. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ జాలర్లకు వల లాగిపెట్టిన కుక్కల సంతతి. పసిపిల్లలు చెవులు పట్టుకు లాగినా వూరుకొంటుంది. కాని పెరిగితే ముప్ఫయి కిలోల జీవి. రోజుకు గంటకు పైగా పరుగెత్తాలి. దానికి ఆకలికి అంతు లేదు. ఇది దాని తిండిపోతుతనం కాదు, నెత్తుటిలో వున్న గుణం. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు, లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి కడుపు నిండిన సంగతి మెదడుకు చెప్పే జన్యువులో లోపం వుందని కనిపెట్టారు. తిండి ఎక్కువై, నడక తక్కువై, తుంటి కీళ్ళు పాడైన లాబ్రడార్లను నేను ఎన్నో చూశాను. "ఉదయం అయిదున్నరకు లేచి గంటసేపు తిప్పుతావా బావా?" అని అడిగాను. మా బావ సత్యసంధుడు. మాట్లాడలేదు.

ఇక మా చెల్లెలి వాదం - ఇల్లు చిన్నది కనుక కుక్కా చిన్నదై వుండాలని. చాలామంది పొరపడేది ఇక్కడే. బీగిల్ మోకాలెత్తు కూడా వుండదు. కాని అది మందతో కలిసి కుందేళ్ళను తరిమిన జాతి. వేటగాడికి దూరాన వున్నా వినిపించేటట్లు గొంతు పెంచి పెంచి తయారుచేశారు. దాన్ని ఒంటరిగా ఇంట్లో పెట్టి తాళం వేస్తే అయిదో అంతస్తుదాకా సంగీత కచేరీయే. డాష్‌హండ్ సొరంగంలా పొడుగ్గా, పొట్టి కాళ్ళతో ముద్దుగా వుంటుంది. నేల బొరియల్లో దూరి వేటాడడానికి తయారైన శరీరం అది. ఆ పొడుగు వెన్నెముకకు మెట్లు ఎక్కడం దిగడం, సోఫామీదనుంచి దూకడం ప్రమాదం. పూస జారితే వెనక కాళ్ళు పడిపోతాయి. లిఫ్ట్ పనిచేయని రోజున నాలుగంతస్తులు మోయాలి. మరోవంక గ్రేహౌండ్ అంత పొడుగు కుక్క, ప్రపంచంలో అన్ని కుక్కల కంటె వేగంగా పరుగెత్తేది, కాస్త పరుగు తీశాక రోజంతా పడి నిద్రపోతుంది. కొలవవలసింది దాని ఎత్తు కాదు. దాని తాతముత్తాతలు ఏ పని చేశారో అది.

పమేరియన్ అని మనం పిలిచే తెల్లకుక్కను గురించి చెప్పకపోతే ఎవరూ వూరుకోరు. ఒకప్పుడు మన పట్నాలలో బ్యాంకు వుద్యోగి ఇంట్లో, డాక్టరుగారి ఇంట్లో అదే. చాలావరకు అవి అసలు పమేరియన్లు కావు. ఇక్కడే తరతరాలుగా పెరిగిన ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన 'హమ్ ఆప్ కే హై కౌన్' అనే హిందీ చిత్రంలో నటించిన టఫీ కూడా ఈ జాతిదే. మన వాతావరణానికి అలవాటు పడింది, తెలివైనది. కాని గోడమీద బల్లి కదిలినా మొరుగుతుంది, రోజూ దువ్వాలి. ఇంట్లో పగలల్లా ఒక మనిషి వుండేవారికి నేను కాదనను. షిట్‌జూ, లాసా ఆప్సో వంటివాటి బొచ్చుకు జడ వేయడానికి మా చెల్లెలికి తీరిక లేదు. వాటిని అక్కడే వదిలేశాం.

మన దేశపు జాతుల మాట నేనే ఎత్తాను. 2005లో మన తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేసింది: హిమాలయపు గొర్రెలకాపరి కుక్క, రాంపూర్, ముధోల్, రాజపాళయం. ఆ నాలుగింటిలో మన తెలుగుకుక్క లేదని నాకు కొంత కినుక. మన తెలుగుకుక్క జోనంగి. కొల్లేటి చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాలలో బాతుల మందలను తోలడానికి దీన్ని వాడేవారు. నా సహాధ్యాయి ఒకడు కైకలూరులో వుంటే వెళ్ళినప్పుడు ఒకదాన్ని చూశాను. నునుపైన పొట్టి బొచ్చు, నుదుట ముడతలు, ఏదో దీర్ఘాలోచనలో వున్న పండితుడి వాలకం. కొబ్బరిచెట్టు కింద గొయ్యి తవ్వుకొని అందులో చల్లగా పడుకొంది. మామూలు కుక్కలాగా మొరగదు. ఒక విధమైన రాగం తీస్తుంది. దాన్ని చూసి నా మనసు కరిగిపోయింది. అయినా మేనల్లుడికి వద్దనే చెప్పాను. అది పరుగెత్తే జంతువు, తవ్వే జంతువు. నాలుగో అంతస్తులో ఏం తవ్వుతుంది? పరుపులే. ముధోల్, రాజపాళయం సంగతీ అంతే. స్వదేశాభిమానం వేరు, ఇల్లు వేరు.

అన్నీ అయ్యాక వాడు డీలాపడి, "అయితే మాకు ఏ కుక్కా పనికిరాదా మామయ్యా?" అన్నాడు.

అప్పుడు మేమిద్దరం కాగితం తిప్పి, కుక్కల సంగతి వదిలి, మనుషుల సంగతి రాశాం. ఇల్లు ఎనిమిది గంటలు తాళం. మూడు నెలల కుక్కపిల్ల మూడు నాలుగు గంటలకంటె వుగ్గబట్టలేదు. కనుక కుక్కపిల్ల వద్దు. రెండేళ్ళు దాటినది కావాలి. దాని స్వభావం కూడా అప్పటికి తేలిపోతుంది. కుక్కపిల్ల అంటే తెరవని కవరు. ఎండ ఎక్కువ, కనుక పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు. రోజుకు రెండు నడకలు, ఒకటి పొద్దెక్కకముందు, ఒకటి పొద్దుపోయాక. రోడ్డుమీద చేతి వెనకవైపు ఆనించి చూడాలి, మనం ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు. దొడ్డికి పోతే తీయడానికి కాగితం జేబులో వుండాలి. ఈ పని తనదేనని పిల్లవాడు సంతకం పెట్టాడు.

ఆయుస్సు అనే చోట నేను మా బావను పిలిచి కూర్చోబెట్టాను. కుక్క పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. "వీడికి పాతికేళ్ళు వచ్చేసరికి అది ముసలిదవుతుంది. అప్పటికి వీడు బెంగుళూరులోనో అమెరికాలోనో వుంటాడు. దాన్ని డాక్టరు దగ్గరకు మోసుకుపోయేది నువ్వు. కాబట్టి కుక్క కావాలా అని అడగవలసింది వీణ్ణి కాదు, నిన్ను." మా బావ ఆ రాత్రి అన్నం దగ్గర కూడా ఆలోచిస్తూనే వున్నాడు. మర్నాడు కాఫీ తాగుతూ, "సరే బావా, నాకు కావాలి" అన్నాడు.

అపార్ట్‌మెంటు సంఘంవారు ఒప్పుకోరేమోనని చెల్లెలి భయం. జంతు సంక్షేమ మండలి 2015లో స్పష్టంగా సూచనలు ఇచ్చింది. ఎంత మెజారిటీతో తీర్మానం చేసినా సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదు, లిఫ్ట్ ఎక్కనీయమనరాదు. అయితే చట్టం మన పక్కన వుంటే చాలదు, పక్కింటివారూ మన పక్కన వుండాలి. ముందుగా వెళ్ళి చెప్పిరమ్మన్నాను. కార్పొరేషనులో నమోదు, ఏటేటా రేబీస్ సూది తప్పనిసరి. సాంబారన్నం మాత్రం పెట్టవద్దు. ఉల్లిపాయ కుక్క నెత్తుటిని పాడుచేస్తుంది. చాకొలెట్టూ, ద్రాక్షా విషమే.

"ఇంతకీ ఏ జాతి అన్నయ్యా?" అంది చెల్లెలు.

"వీధిజాతి" అన్నాను.

మా బావ ముఖం చిన్నబోయింది. "ఎవరైనా అడిగితే ఏమని చెప్పను?"

"గ్రామసింహం అని చెప్పు. వాళ్ళు ఇంటికి పోయి వెతుక్కొంటారు."

పరిహాసానికి అన్నా, నాది పూర్తిగా ఆలోచించి చెప్పిన మాట. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, పదిహేను ఇరవై కిలోల బరువు, మన ఎండకు వేల ఏళ్ళుగా కాగిన ఒళ్ళు. ఒకే పోలికకోసం దగ్గర చుట్టరికాలు కలపలేదు కనుక పుట్టు రోగాలు తక్కువ. రోడ్డుమీద కనిపించిన పిల్లను జాలిపడి ఎత్తుకురావడం మాత్రం వేరు. దానికి ఏ జబ్బు వుందో, ఎంత బెదురు వుందో తెలియదు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమలగారు స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలున్నాయి. అటువంటి చోట సూదులు వేసి, గొడ్రాలి ఆపరేషను చేసి, మనుషులకు మచ్చికైన కుక్కలు దొరుకుతాయి. రెండు మూడు సార్లు వెళ్ళి, దానితో కాసేపు కూర్చొని, అది ఎవరి పక్కకు వస్తుందో చూడమన్నాను.

ఇక మిగిలింది అత్తగారు. ఆమె దగ్గర నా చదువంతా ఒలకబోశాను. భారతకథ సరమ కొడుకును, ఒక కుక్కపిల్లను, అన్యాయంగా కొట్టడంతో మొదలవుతుందనీ, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుపట్టడంతో ముగింపుకు వస్తుందనీ వివరించాను. ఆమె ఓపికగా విని, "నిజమే నాయనా. కాని ధర్మరాజు దాన్ని వంటింట్లోకి తీసుకురాలేదు కదా" అన్నారు. దీనికి వ్యాఖ్యాతలెవరూ సమాధానం చెప్పలేదు. వంటింటి గడపకు అడ్డంగా చిన్న చెక్కతలుపు పెట్టించడంతో రాజీ కుదిరింది.

ఉగాది వెళ్ళిన వారానికి తెచ్చుకొన్నారు. గోధుమరంగు ఆడకుక్క, రెండున్నర ఏళ్ళది, ఒక చెవి వంగి వుంటుంది. మూడు రోజులు మంచంకింద నుంచి రాలేదట. మేనల్లుడు మంచంపక్కన నేలమీద పడుకొని దానికి సాంఘికశాస్త్రం పాఠాలు చదివి వినిపించాడట. నాలుగోనాడు వచ్చి పుస్తకం మీద తల పెట్టిందట. అత్తగారు చెక్కతలుపుకు ఇవతలనుంచే మాట్లాడుతున్నారని చెల్లెలు ఫోనులో చెప్పి నవ్వింది.

మొన్న ఆదివారం వాడు ఒక ఫొటో పంపాడు. స్నానాలగదిలో తడిగచ్చు మీద వెల్లకిలా పడుకొని వుంది. కింద, "మామయ్యా, ముక్కు చూడు ఎంత పొడుగో" అని రాశాడు. సెలవులకు వచ్చిన మా అమ్మాయి నా వెనక నిలబడి వుంది. ఇంజనీరింగు చదువుతోంది ఇప్పుడు. బుజ్జి సంగతి మా ఇంట్లో అది ఎత్తదు, నేనూ ఎత్తను. ఫోను నా చేతిలోనుంచి తీసుకొని చాలాసేపు చూసింది.

"గురక పెడుతుందా నాన్నా?" అంది.

"లేదట" అన్నాను.